మతసామరస్య దీక్షితుడు గణేశ శంకర విద్యార్థి

మతకలహములను గూర్చి పత్రికలలో వ్రాసినవారు మన దేశమున పెక్కుమంది కలరు. కలహము జరుగుచున్న సందులోనికి నిరాయుధుడై ప్రవేశించి అచ్చటనే ప్రాణములు విడిచిన సంపాదకుడు గణేశ శంకర విద్యార్థి. ఉత్తర హిందూస్థానమున ఆయన పేరు వినని విద్యావంతుడు అరుదు. తెలుగునాట మాత్రము భగత్ సింగునకు ఆశ్రయమిచ్చిన పత్రికాధిపతిగా ఒకటి రెండు వాక్యములలో ఆయన ప్రస్తావన వచ్చి పోవుచున్నది. ఆయన జీవితమును మొదటినుండి చదివినవారికి, 1931వ సంవత్సరము మార్చి నెలలో కాన్పూరు వీథులలో ఆయన చేసిన పని ఇరువది యేండ్ల అభ్యాసమునకు ఫలమని బోధపడును. అందుచేత ఆ కథను ఇచ్చట కొంత వివరముగా చెప్పదలచితిమి.

విద్యార్థి 1890వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన అలహాబాదులో, మాతామహుని యింట జన్మించెను. ఆ నగరమునే నేడు ప్రయాగరాజ్ అని పిలుచుచున్నారు. తండ్రి జయనారాయణ గ్వాలియరు సంస్థానములోని ముంగావలి అను చిన్న పట్టణమున పాఠశాల ఉపాధ్యాయుడు. ధర్మనిష్ఠ గలవాడు, ధనము లేనివాడు. వారిది కాయస్థ కుటుంబము. బాలుడు ముంగావలిలోనే ఉర్దూయు ఆంగ్లమును నేర్చెను. ఉర్దూ వచ్చుట ఆయనకు పిమ్మట ఎంతయో ఉపకరించెను. ఊరిలో ఎదుటి మతమువారి పత్రిక ఏమి వ్రాయుచున్నదో ఒకరు చెప్పగా విని ఉడుకుకొనుటకును, తానే స్వయముగా చదివి తెలిసికొనుటకును ఎంత తేడా ఉన్నదో అనుభవజ్ఞులు ఎరుగుదురు.

1907లో ప్రవేశ పరీక్షయందు ఉత్తీర్ణుడై, అలహాబాదులోని కాయస్థ పాఠశాలలో చేరెను. చేతిలో డబ్బు లేక ఆ చదువు కొలది కాలమునకే ఆగిపోయెను. అయితే అలహాబాదులో మరియొక చదువు లభించినది. ‘కర్మయోగి’ పత్రికను నడుపుచున్న పండిత సుందరలాల్ ప్రభావము ఈ యువకునిపై గాఢముగా పడెను. ఈ సుందరలాల్ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కథ చివర ఆయన మరల కనబడును. తరువాత కాన్పూరు కరెన్సీ కార్యాలయమున నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తా పని దొరకెను. పై అధికారియైన ఆంగ్లేయునితో పట్టింపు వచ్చి ఆ పనిని విడిచెను. కొంతకాలము ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పెను. 1909లో వివాహమయ్యెను. మనిషి జీవితాంతము నేర్చుకొనువాడుగా ఉండవలెనను అభిప్రాయముతో ‘విద్యార్థి’ అను మాటను పేరునకు చేర్చుకొనెను. అదియే లోకమున నిలిచినది.

1911లో హిందీ గద్యమునకు నియమమును నేర్పిన ఆచార్య మహావీర ప్రసాద ద్వివేది వద్ద, ‘సరస్వతి’ మాసపత్రికలో సహాయకుడుగా చేరెను. ద్వివేదిగారు అచ్చుతప్పును, అబద్ధమును ఒకే విధముగా అసహ్యించుకొను గురువు. అచ్చట భాష కుదిరినది గాని రాజకీయములపై మనస్సు పోవుచుండుటచే మదనమోహన మాలవీయుని ‘అభ్యుదయ’కు మారెను. తుదకు 1913వ సంవత్సరము నవంబరు 9వ తేదీన, శివనారాయణ మిశ్ర మొదలైన మిత్రులతో కలిసి కాన్పూరులో ‘ప్రతాప్’ అను వారపత్రికను స్థాపించెను. అప్పటికి ఆయనకు వయస్సు 23 ఏండ్లు.

ఆ సంవత్సరము, ఆ ఊరు రెండును గమనింపదగినవి. గంగాతీరమున నున్న కాన్పూరు నూలు, ఉన్ని, తోళ్ల మిల్లుల పట్టణము. పల్లెలను విడిచి వచ్చిన హిందూ ముస్లిం కార్మికులు ఇరుకు సందులలో పక్కపక్కనే బ్రతుకుచుండిరి. ‘ప్రతాప్’ ఆరంభమునకు కొన్ని నెలల ముందు, రోడ్డు వేయుట కొరకై మఛ్లీ బజారు మసీదులో కాళ్లుచేతులు కడుగుకొను భాగమును అధికారులు పడగొట్టించిరి. ఆగస్టు 3వ తేదీన ముస్లింలు గుమిగూడి ఆ గోడను మరల కట్టబూనగా పోలీసులు కాల్పులు జరిపిరి. పలువురు మరణించిరి. ఆ వార్త దేశమంతట అలజడి రేపెను. ఒక గోడ ముక్క ఒక నగరమును ఎట్లు మండింపగలదో ఆ యువ సంపాదకుడు పత్రిక తెరువకముందే తెలిసికొనెను.

తొలి సంచికలోనే ఆయన తన పత్రిక యే వర్గమునకును కట్టుబడదనియు, ఎవరి స్తోత్రమునకో నిందకో పాల్పడక మనుష్యమాత్రుల క్షేమము కొరకు సత్యమును వ్రాయుననియు ప్రకటించెను. ఇట్టి ప్రతిజ్ఞలను ప్రతి పత్రికయు తొలినాడు చేయును. ‘ప్రతాప్’ దానికి మూల్యము చెల్లించెను. చంపారన్ నీలిమందు రైతులపై తోటల దొరలు సాగించిన దౌర్జన్యములను అది ప్రకటించెను. గాంధీజీని చంపారనునకు తీసికొనిపోయిన రాజకుమార్ శుక్లా అంతకుముందే ‘ప్రతాప్’ కార్యాలయమున తన గోడు చెప్పుకొనియుండెను. మిల్లు కార్మికుల సమ్మెలకు అండగా నిలిచెను. దేశీయ సంస్థానాధీశుల అక్రమములను బయటపెట్టుటచే కొన్ని సంస్థానములలో పత్రిక ప్రవేశమే నిషిద్ధమయ్యెను. 1920 నుండి అది దినపత్రికయు అయ్యెను. జామీనులు కట్టుట, అవి జప్తు అగుట, మరల చందాలు పోగుచేయుట, ఇది నిత్యకృత్యము.

1921వ సంవత్సరము జనవరి 7వ తేదీన రాయబరేలి చెంత, మున్షీగంజ్ వద్ద సయీ నది యొడ్డున గుమిగూడిన రైతులపై కాల్పులు జరిగెను. వీర్‌పాల్ సింగ్ అను తాలూకాదారు స్వయముగా తుపాకి పేల్చెనని ‘ప్రతాప్’ వ్రాసెను. ఆయన పరువునష్టపు దావా వేసెను. ప్రసిద్ధ నవలాకారుడైన బృందావనలాల్ వర్మ న్యాయవాదిగా ‘ప్రతాప్’ పక్షమున వాదించెను. మోతీలాల్, జవహర్‌లాల్ నెహ్రూలు సాక్ష్యమిచ్చిరి. అయినను శిక్ష తప్పలేదు. విద్యార్థి కారాగారము నుండి 1922లో వెలువడి, 1923లో ఫతేపూరులో చేసిన ప్రసంగమునకై మరల లోనికి పోయెను. 1924లో విడుదలై వచ్చునప్పటికి ఆరోగ్యము చెడెను. దేశము వాతావరణము అంతకంటె ఎక్కువగా చెడియుండెను.

ఇచ్చట కొంచెము ఆగి ఆ కాలమును అర్థము చేసికొనవలెను. 1920, 1921లలో ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమములు జంటగా నడిచినప్పుడు హిందూ ముస్లింలు ఒకే వేదికపై నిలిచిరి. మసీదులలో హిందూ సన్న్యాసులు మాట్లాడిరి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట ఉద్యమము నిలిచిపోయెను. 1924 మార్చిలో తురుష్క దేశమువారే ఖలీఫా పదవిని రద్దు చేసిరి. కలిపిన కారణము పోగా, కలిసిన జనము విడిపోవుట కాక ఒకరిపై ఒకరు పడిరి. ఒకవైపు శుద్ధి సంఘటన ప్రచారము, వేరొకవైపు తబ్లీగ్ తంజీముల ప్రచారము. మసీదు ముందు మేళము వాయించుటపై తగవు, రావికొమ్మ తగిలి తాజియా ఆగుటపై తగవు. 1924 సెప్టెంబరులో కోహాట్‌లో ఘోర కలహము జరిగెను. గాంధీజీ ఢిల్లీలో మౌలానా మహమ్మదలీ యింట ఆరంభించి 21 దినములు ఉపవసించెను.

ఆ ఉపవాసము ముగిసిన కొలది దినములకే, అక్టోబరు నెల చివర, విద్యార్థి ‘ప్రతాప్’లో మతము చాటున జరుగుచున్న అధర్మమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. హిందీ పాఠ్యపుస్తకములలో కూడ దానికి చోటు లభించినది. అందలి భావము సంగ్రహముగా ఇది. మతము పేర చంపుటకును చచ్చుటకును సిద్ధపడువాడు సామాన్యుడు. వానికి మతసారము తెలియదు. వాని అమాయకత్వమును తమ పదవికి, పలుకుబడికి పెట్టుబడిగా మార్చుకొనువారు తెర వెనుక సురక్షితముగా ఉందురు. పాశ్చాత్యదేశములలో ధనికుడు పేదవాని శ్రమను దోచినట్లు, ఇచ్చట తెలివిగలవాడు పేదవాని బుద్ధికి తెరవేసి దైవము స్థానమున తాను కూర్చుండును. శంఖము పూరించుట, ముక్కు పట్టుకొనుట, నమాజు చేయుట మతము కాజాలవు; శుద్ధమైన నడవడియు, పరహితమును మతమునకు గుర్తులు. రెండు గంటలు పూజచేసి మిగిలిన దినమంతయు వంచన చేయువానికంటె, దేవుని నమ్మకయే ఇరుగుపొరుగువారి కష్టమున ఆదుకొను నాస్తికుడు మేలు.

ఈ మాటలు అనేకులు చెప్పినవే యనిపించవచ్చును. అదే వ్యాసములో ఆయన మరియొక మాట కూడ అన్నాడు. అది చెప్పుటకు అధిక ధైర్యము కావలెను. స్వాతంత్ర్య పోరాటములో ఖిలాఫత్‌కును, ముల్లాలు, మౌలవీలు, ధర్మాచార్యులకును స్థానమిచ్చిన దినము చెడ్డదినమనియు, ఆ విత్తనము ఫలమునే దేశము ఇప్పుడు అనుభవించుచున్నదనియు ఆయన వ్రాసెను. ఆయన కాంగ్రెసువాడు, గాంధీజీయందు భక్తి గలవాడు. తన పక్షము చేసిన పనిలోనే దోషము నెన్నుచు, దానిని తన పత్రికలోనే అచ్చువేసెను. ఎదుటి మతమువారి మౌఢ్యమును ఖండించుట సులభము. స్వమతమువారి మౌఢ్యమును ఖండించుట కష్టము. స్వపక్షపు నాయకుల పొరపాటును ఎత్తిచూపుట అన్నిటికంటె కష్టమని మా అభిప్రాయము.

నేడు మనము లౌకికవాదము అను మాటను విరివిగా వాడుచున్నాము. 1976లో 42వ సవరణ ద్వారా అది రాజ్యాంగ పీఠికలోనికి కూడ ఎక్కినది. విద్యార్థి కాలమునాటి హిందీ పత్రికలలో ఆ పదమునకు వాడుక లేదు. ఆయన దైవచింతన లేనివాడు కాడు. ప్రతివాడును తన మనస్సునకు నచ్చిన రీతిని భగవంతుని సేవింపవచ్చును. ఆ స్వాతంత్ర్యమును ఇతరుని స్వాతంత్ర్యముపై ఆయుధముగా వాడరాదు. రాజకీయ నిర్ణయములకు మతపీఠము తీర్పరి కారాదు. ఇంతియే ఆయన సిద్ధాంతము.

దానిని ఆయన ఆచరించిన విధము ‘ప్రతాప్’ కార్యాలయమున కనబడుచుండెను. ఫీల్‌ఖానా పేటలోని ఆ యింటికి గాంధేయవాదులు, విప్లవకారులు, కార్మికులు, ఉర్దూ కవులు, హిందీ కవులు అందరును వచ్చుచుండిరి. పెండ్లి సంబంధము తప్పించుకొనుటకై లాహోరు విడిచి వచ్చిన భగత్ సింగ్ ఇచ్చటనే బల్వంత్ అను మారుపేరుతో వ్యాసములు వ్రాసెను. పోలీసుల కన్ను పడకుండ విద్యార్థి ఆయనను అలీగఢ్ చెంత షాదీపూర్ గ్రామములోని జాతీయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయునిగా పంపెను. హింసామార్గము తనకు సమ్మతము కాకున్నను ఆ మార్గమున పోయినవారి కుటుంబములను ఆయన విడువలేదు. కాకోరి కేసులో 1927 డిసెంబరు 19వ తేదీన రామప్రసాద్ బిస్మిల్, అష్ఫాకుల్లా ఖాన్ ఉరికంబమెక్కిరి. బిస్మిల్ ఆర్యసమాజ దీక్ష గలవాడు. అష్ఫాకుల్లా నమాజు తప్పని ముస్లిం. వారిద్దరి స్నేహము ఉత్తర దేశమున కథలుగా చెప్పుకొందురు. బిస్మిల్ గోరఖ్‌పూర్ కారాగారమున వ్రాసిన స్వీయచరిత్రను రహస్యముగా తెప్పించి అచ్చువేసినది ‘ప్రతాప్’ ముద్రణాలయము. అష్ఫాకుల్లా సమాధి నిర్మాణమునకు విద్యార్థి సహాయము చేసెను. ఒకరి గ్రంథము, ఒకరి గోరీ. రెండింటి బాధ్యతయు ఒక్కనిదే.

1925 డిసెంబరులో కాన్పూరులో జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగెను. మన హైదరాబాదున పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు దానికి అధ్యక్షురాలు. ఆహ్వానసంఘపు పనులలో విద్యార్థి ముఖ్యభారము వహించెను. తెలుగువారికి ఇందు మరియొక బంధుత్వము కూడ కలదు. పింగళి వెంకయ్య రూపకల్పనతో త్రివర్ణ పతాకము ప్రచారమునకు రాగా, దానిని పాడుకొనుటకు ఒక గీతము కావలెనని విద్యార్థి తన అనుచరుడైన శ్యామలాల్ గుప్తను వెంటబడి వ్రాయించెను. అది దేశమంతట మారుమ్రోగిన జెండా గీతము.

1926 శాసనసభ యెన్నికలు సంయుక్త రాష్ట్రమున మతద్వేషముతో మలినమయ్యెను. మోతీలాల్ నెహ్రూ గోమాంస భక్షకుడనియు, ముస్లింల పక్షపాతి యనియు ఊరూర ప్రచారము చేసిరి. స్వరాజ్యపక్షము చాలచోట్ల చితికిపోయెను. అట్టి యెన్నికలలో విద్యార్థి స్వరాజ్యపక్షము పేర కాన్పూరు నుండి పోటీచేసి గెలిచెను. శాసనసభ ఆయనకు రుచింపలేదు. 1929లో కాంగ్రెసు ఆదేశముపై బయటికి వచ్చెను. 1930 ఉప్పు సత్యాగ్రహములో రాష్ట్ర నాయకత్వము వహించి మరల చెరసాల చేరెను. ఆ జైలు జీవితముల నడుమ విక్టర్ హ్యూగో నవలలను హిందీలోనికి అనువదించెను. గాంధీ ఇర్విన్ ఒడంబడిక పిమ్మట 1931 మార్చి 9వ తేదీన హర్దోయి జైలునుండి విడుదలయ్యెను. ఆయనకిక మిగిలినవి పదునారు దినములు.

మార్చి 23వ తేదీ సాయంకాలము లాహోరు జైలులో భగత్ సింగ్, రాజగురు, సుఖదేవులను ఉరితీసిరి. మరునాడు దేశమంతట హర్తాళు. కాన్పూరులో భగత్ సింగ్ పరాయివాడు కాడు. ఆ వీథులలో తిరిగినవాడు. దుఃఖము తీవ్రముగా నుండెను. ఊరిలో అంతకుముందే నిప్పు రాజుకొనుచుండెను. సత్యాగ్రహమునకు ముస్లింలలో పెక్కుమంది దూరముగా నిలిచియుండిరి. విదేశీ వస్త్రముల దుకాణముల యెదుట వాలంటీర్లు చేసిన పికెటింగులు వ్యాపారులను నొప్పించియుండెను. ఫిబ్రవరిలో కాశీలో ఒక ముస్లిం వస్త్ర వ్యాపారి హత్యకు గురికాగా అచ్చట కలహము చెలరేగియుండెను. 24వ తేదీన కాన్పూరులో కొందరు ముస్లిం దుకాణదారులు దుకాణములు మూయుటకు సమ్మతింపలేదు. మూయించుటకు గుంపులు బలాత్కారము చేసెను. రాళ్లు పడెను. సాయంకాలమునకు దేవాలయములు, మసీదులు, ఇండ్లు తగులబడుచుండెను.

ఈ విషయమును కప్పిపుచ్చుట చరిత్రకు న్యాయము కాదు. దేశభక్తుల బలిదానమునకు సంతాపముగా ఆరంభమైన దినము దేశీయుల పరస్పర హత్యలతో ముగిసినది. దుకాణము మూయుట మూయకపోవుట ఒకని యిష్టము. ఆ యిష్టమును గౌరవింపని గుంపు ఏ జెండా పట్టినను గుంపే. విద్యార్థి దుఃఖమునకు రెండు అంచులు ఉండెననుటలో సందేహము లేదు. ఉరికంబమెక్కినవాడు తన యింట మెలగిన కుర్రవాడు. ఆ కుర్రవాని పేర కర్రలెత్తిన వారిలో తన పక్షమువారును ఉండిరి.

పోలీసులు వీథిలోనే యుండి చూచుచు ఊరకుండిరి. ఇది ఒక పక్షమువారి ఆరోపణ మాత్రమే కాదు. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము కూడ అధికారుల ఉదాసీనతను తప్పుపట్టెను. విద్యార్థి కరాచీలో జరుగనున్న కాంగ్రెసు మహాసభకు పోవలసియుండెను. ఆ ప్రయాణము మానుకొని, 24వ తేదీ నుండియే కొలదిమంది సహచరులతో వీథులు తిరుగ నారంభించెను. ఆయనకు నలుబది యేండ్లు. బక్కపలుచని శరీరము, కండ్లద్దములు, ఖద్దరు దుస్తులు. చేతిలో కర్ర కూడ లేదు.

25వ తేదీ ఉదయమున బెంగాలీ మొహాల్ ప్రాంతమున హిందువుల నడుమ చిక్కుకొనిన ముస్లిం కుటుంబములను గూర్చి వార్త వచ్చెను. ఆయన పోయి, గుంపులకు నచ్చజెప్పి, తలుపులు తెరిపించి, స్త్రీలను, పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని సురక్షిత స్థలములకు చేర్చెను. ఇట్టి పని వినుటకు ఒక వాక్యము, చేయుటకు గంటలు. తలుపు లోపలి వారికి, పిలుచువాడు రక్షకుడో భక్షకుడో తెలియదు. గుంపునకు, వీడు మనవాడై యుండి వారిని ఏల కాపాడుచున్నాడని కోపము. ఆ రెండు అనుమానముల నడుమ ఒక్కొక్క యింటివారిని నడిపించుకొని రావలెను. పత్రిక మూలమున ఊరంతయు ఎరిగిన ముఖము గనుక ఆయన మాట చెల్లినది. ఇరువది యేండ్లు ఒకవైపు మొగ్గక వ్రాసిన వ్రాత ఆ గంటలలో ఆయనకు పెట్టుబడి యయ్యెను.

అంతలో ముస్లింలు అధికముగా నున్న పేటలలో హిందువులు చిక్కుకొనియున్నారని తెలిసెను. మధ్యాహ్నమున అటువైపు బయలుదేరెను. వెంట ఉన్నవారు పిమ్మట చెప్పిన కథనము ప్రకారము, చౌబే గోలా వద్ద ఒక గుంపు వారిని అడ్డగించెను. తోడి ముస్లిం వాలంటీరు ముందునకు వచ్చి, ఈయన ఉదయము నుండి మన వారిని ఎందరినో కాపాడినవాడని చెప్పగా ఆ గుంపు శాంతించెను. కొందరు ఆయనతో ఆలింగనము కూడ చేసిరి. ఇంతలో వేరొక గుంపు మరియొక వైపు నుండి వచ్చి మీద పడెను. ఒకరు ఆయనను చేయిపట్టి సందులోనికి లాగి తప్పింపజూడగా, పారిపోయి ప్రాణము దక్కించుకొనుటకు ఆయన అంగీకరింపలేదట. అచ్చటనే ఆయనను పొడిచి చంపిరి. తోడి వాలంటీరులును దాడికి గురియైరి.

రెండు దినములు ఆయన జాడ తెలియలేదు. బ్రతికియున్నాడని కొందరు, లేడని కొందరు. 27వ తేదీన ఆసుపత్రిలో గుర్తుపట్టరాని శవముల కుప్పలో ఒకదానిని ఖద్దరు దుస్తులను బట్టియు, జేబులోని ఉత్తరములను బట్టియు ఆయనదిగా పోల్చిరి. 29వ తేదీన అంత్యక్రియలు జరిగెను. కలహములలో మృతుల సంఖ్య నాలుగైదు వందల మధ్య ఉండవచ్చునని అంచనా వేసిరి. శరణుల కాలమున కల్యాణ నగరమునకు పట్టిన గతిని చదివిన మన పాఠకులకు, ఒక పట్టణము కొలది దినములలో తన్ను తాను చంపుకొనుట ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

వార్త కరాచీకి చేరునప్పటికి మహాసభ జరుగుచుండెను. వల్లభభాయి పటేల్ అధ్యక్షుడు. గాంధీజీ ఆ మరణము తనకు అసూయ కలిగించునంత గొప్పదని భావించెను. ఆ రక్తము రెండు మతములను కలిపి కట్టు సున్నము కాగలదని ఆశించెను. ఆ కాన్పూరు కలహములకు కారణములను విచారించుటకు కాంగ్రెసు ఒక సంఘమును నియమించెను. అదే కరాచీ మహాసభ ప్రజల ప్రాథమిక హక్కులను గూర్చి చేసిన తీర్మానములో, స్వతంత్ర రాజ్యము అన్ని మతముల విషయమున తటస్థముగా ఉండవలెనను నియమమును చేర్చెను. విద్యార్థి ఏడేండ్ల క్రిందట తన పత్రికలో వాదించిన మాట కాంగ్రెసు తీర్మానమున చోటు చేసికొనుటయు, ఆయన లేడను వార్త వచ్చుటయు ఒకే సభలో జరిగెను.

విచారణ సంఘమునకు కాశీ పండితుడైన డాక్టర్ భగవాన్ దాస్ అధ్యక్షుడు. పురుషోత్తమ దాస్ టాండన్, మంజర్ అలీ సోఖ్తా, అబ్దుల్ లతీఫ్ బిజ్నోరీ, జఫరుల్ ముల్క్ సభ్యులు. మరియొక సభ్యుడు, ఒకప్పుడు అలహాబాదులో ఈ విద్యార్థికి పత్రికాభిరుచి కలిగించిన పండిత సుందరలాల్. ముగ్గురు హిందువులు, ముగ్గురు ముస్లింలు కలిసి కూర్చుండి ఆ కొలది దినముల కథతో తృప్తిపడక, వందల యేండ్ల సహజీవన చరిత్రను తవ్వితీసిరి. కవులు, ఫకీరులు, రాజులు, శిల్పులు, వర్తకులు ఒకరి నుండి ఒకరు పొందినదానిని వివరించిరి. ఆంగ్లేయ చరిత్రకారులు దానిని ఎట్లు వక్రీకరించి బడులలో చెప్పించిరో చూపిరి. ఆంగ్ల ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించి ప్రతులను స్వాధీనము చేసికొనెను.

‘ప్రతాప్’ను ఆయన పిమ్మట కవి బాలకృష్ణ శర్మ నవీన్ మొదలగువారు నడిపిరి. స్వతంత్ర భారతమున కాన్పూరు వైద్య కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. ఊరి నడుమ నున్న ఫూల్ బాగ్ తోటకు కూడ గణేశ ఉద్యానమను పేరు వచ్చినది గాని జనము నేటికిని ఫూల్ బాగ్ అనియే పిలుచుచున్నారు. నిషేధింపబడిన ఆ విచారణ గ్రంథము చాలకాలము అరుదైన ప్రతులలోనే మిగిలి, ఈ శతాబ్దపు తొలి దశకమున నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా మరల అచ్చయి పాఠకుల చేతికి వచ్చినది.